అమెరికాలో చిన్న సబర్బ్‌లు కలిసి సీడీబీజీ గ్రాంటు తెచ్చుకోవడం ఎలా?

మా ఊళ్లో పాత లైబ్రరీ దగ్గర ఒక మలుపు ఉంది. అక్కడ ఫుట్‌పాత్ చివర ర్యాంపు ఉండేది కాదు, ఆరంగుళాల గట్టు ఉండేది. వీధి చివర అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక పెద్దాయన వీల్‌చెయిర్‌లో ఆ గట్టు దాకా వచ్చి, వెనక్కి తిప్పుకుని, కార్లు పోయే రోడ్డు మీదుగానే లైబ్రరీకి వెళ్లేవారు. సిటీ హాల్లో అడిగితే బడ్జెట్ లేదన్నారు. 18 వేల జనాభా ఉన్న ఊరు, వాళ్లన్నది నిజమే.

మూడేళ్ల తర్వాత అక్కడ ర్యాంపు వచ్చింది. ఆ డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది. మా ఊరు ఒక్కటే అడిగి ఉంటే వచ్చేది కాదు. చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కౌంటీతో ఒక ఒప్పందం చేసుకుంది కాబట్టి వచ్చింది. కౌంటీ సలహా కమిటీలో కొన్నేళ్లు వాలంటీరుగా కూర్చోవడం వల్ల ఈ పని ఎక్కడ కదులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో దగ్గర నుంచి చూశాను. అమెరికా సబర్బ్‌లలో మనవాళ్లు ఇప్పుడు సిటీ కౌన్సిళ్లలో, ప్లానింగ్ కమిషన్లలో, స్కూలు బోర్డుల్లో కూర్చుంటున్నారు. వాళ్లకీ, ఊరి పనుల మీద ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఈ డబ్బు సంగతి

సీడీబీజీ అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. 1974 ఆగస్టు 22న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో పుట్టింది. అంతకుముందు ఒక్కో పనికి ఒక్కో పథకం ఉండేది. వాటిని కలిపి ఒకే ముద్దగా ఇచ్చి, "మీ అవసరం మీరే తేల్చుకోండి" అని స్థానిక ప్రభుత్వాలకు వదిలారు. ఫెడరల్ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ దీన్ని నడుపుతుంది. అందరూ హడ్ అనే పిలుస్తారు. 2022 నుంచి 2024 వరకు కాంగ్రెస్ ఏటా దాదాపు 330 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఈ పథకాన్ని ఎత్తేయాలని వైట్‌హౌస్ బడ్జెట్‌లో ఒకటికి నాలుగుసార్లు ప్రతిపాదన వచ్చింది. ట్రంప్ మొదటి హయాంలో ఏటా అలా వచ్చినా కాంగ్రెస్ డబ్బు ఇస్తూనే ఉంది. అయినా వచ్చే ఏడాది అంకె మీద మాత్రం ముందే లెక్కలు వేసుకోవద్దు.

మొత్తంలో 70 శాతం పెద్ద నగరాలకు, పెద్ద కౌంటీలకు ఫార్ములా ప్రకారం నేరుగా వెళ్తుంది. మిగతా 30 శాతం రాష్ట్రాలకు వెళ్తుంది, రాష్ట్రాలు చిన్న ఊళ్లకు పంచుతాయి. ఫార్ములాలు రెండున్నాయి. ఒకదానిలో జనాభాకు 25 శాతం, పేదరికానికి 50 శాతం, ఇళ్లలో ఇరుకుకు 25 శాతం బరువు ఉంటుంది. రెండోది పేదరికంతో పాటు 1940కి ముందు కట్టిన ఇళ్లను, జనాభా పెరగకుండా వెనకబడటాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రెండింటిలో ఏది ఎక్కువ ఇస్తే అదే ఆ ఊరికి వర్తిస్తుంది.

మొదటి అడుగు: మీ ఊరు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

మెట్రో ప్రాంతంలో ఉండి 50 వేల జనాభా దాటిన ఊరికి సాధారణంగా సొంత గ్రాంటు వస్తుంది. డాలస్ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, న్యూజెర్సీలో ఎడిసన్ ఇలాంటివే. ఇంత కలిగిన ఊళ్లకు పేదల కోసం డబ్బేమిటి అని చాలామంది అడుగుతారు. ఫ్రిస్కోలో కూడా అద్దె కట్టలేక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు, ఆ డబ్బు వాళ్లకోసమే.

50 వేలు దాటని ఊరైతే కౌంటీ వైపు చూడాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. సొంత గ్రాంటు ఉన్న నగరాలను తీసేసి, ఒప్పందంలో చేరిన ఊళ్ల జనాభా, ఏ ఊరి కిందికీ రాని ప్రాంతాల జనాభా కలిపితే 2 లక్షలు ఉంటే, దాన్ని "అర్బన్ కౌంటీ"గా గుర్తిస్తారు. అప్పుడు కౌంటీకే ఫార్ములా గ్రాంటు వస్తుంది. సబర్బ్‌లు చేతులు కలపాల్సింది ఇక్కడే. కౌంటీ ఆ 2 లక్షల గీత దాటుతుందా లేదా అన్నది కొన్నిసార్లు రెండు మూడు ఊళ్ల సంతకాల మీదే ఆధారపడుతుంది.

కౌంటీకి ఆ హోదా లేకపోతే రాష్ట్రం దగ్గర పోటీ పడి తెచ్చుకోవాలి. అక్కడా పక్క ఊరితో కలిసి ఒకే దరఖాస్తు పెట్టే వీలు చాలాచోట్ల ఉంటుంది. ముఖ్యంగా రెండు ఊళ్లకూ ఒకటే మురుగు లైను ఉన్నప్పుడు అలా వెళ్లడమే మేలు.

సొంత గ్రాంటు వచ్చే నగరం కూడా కావాలంటే కౌంటీతో జాయింట్‌గా చేరవచ్చు. గ్రాంటు చిన్నదై, దాని కాగితాల పనికే ఒక ఉద్యోగి రోజంతా పోతుంటే ఇది ఆలోచించాల్సిన దారే.

రెండో అడుగు: మూడేళ్ల గడువు పట్టుకోండి

అర్బన్ కౌంటీ అర్హతను మూడేళ్లకోసారి ఖరారు చేస్తారు. ఆ ఏడాది వసంతంలో హడ్ నోటీసు ఇస్తుంది. కౌంటీ తన పరిధిలోని ఊళ్లకు ఉత్తరాలు రాస్తుంది: "ఉంటారా, బయటకు వెళ్తారా? ఈ తేదీలోగా చెప్పండి." చాలా ఒప్పందాలు ఎవరూ ఏమీ అనకపోతే వాటంతట అవే కొనసాగేలా ఉంటాయి. ఉత్తరం సిటీ మేనేజర్ టేబుల్ మీద పడి ఉంటుంది, కౌన్సిల్ దాకా రాదు. ఆ ఊరికి ఇంకో మూడేళ్లు అడగడానికి అవకాశం ఉన్నా, అడగాలని ఎవరికీ తెలియదు.

ఒకసారి చేరితే ఆ మూడేళ్లూ బయటకు రాలేరు. ఆ కాలంలో రాష్ట్రం ఇచ్చే సీడీబీజీకి దరఖాస్తు పెట్టుకోవడమూ కుదరదు. చేరని ఊరు మాత్రం మధ్యలో మిగిలిన కాలానికి చేరవచ్చు. అందుకని ఈ రోజే కౌంటీ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "మన అర్హత కాలం ఏ సంవత్సరంతో ముగుస్తుంది?" ఆ సంవత్సరాన్ని క్యాలెండర్‌లో రాసుకోండి.

మూడో అడుగు: సంతకానికి ముందు ఒప్పందం చదవండి

దీన్ని కోఆపరేషన్ అగ్రిమెంట్ అంటారు. కౌన్సిల్ తీర్మానం కావాలి, మేయర్ సంతకం కావాలి, రాష్ట్ర చట్టం దీన్ని అనుమతిస్తుందని కౌంటీ లాయర్ రాసివ్వాలి. ఇందులో కొన్ని షరతులు ఎవరూ మార్చలేరు.

ఏ పనులకు డబ్బు ఇవ్వాలన్న తుది నిర్ణయం కౌంటీదే. ఆమోదం పొందిన ప్రణాళికను అడ్డుకునే వీటో ఏ ఊరికీ ఉండదు. ఇది విని కొందరు కౌన్సిల్ సభ్యులు బిగుసుకుపోతారు. కానీ బయట నిలబడితే వచ్చేది వీటో కాదు, ఏమీ రాకపోవడం. రెండో షరతు: తన వాటాను ఇంకో ఊరికి "అమ్మి" బదులుగా వేరే నిధులు తీసుకోవడం నిషిద్ధం. మూడోది అన్నిటికన్నా పెద్దది, ఫెయిర్ హౌసింగ్. ఇల్లు దొరకడంలో జాతి, రంగు, మతం, వైకల్యం వంటి కారణాలతో వివక్ష లేకుండా చూడటమే కాదు, ఆ అడ్డంకులు తీసేయడానికి ముందుకొచ్చి పనిచేస్తామని ఊరు మాట ఇస్తుంది. మాట తప్పిన ఊరికి కౌంటీ డబ్బు ఇవ్వకూడదు.

ఈ మూడోదాన్ని మొక్కుబడిగా చదివితే ఏమవుతుందో న్యూయార్క్ పక్కన వెస్ట్‌చెస్టర్ కౌంటీ చూసింది. అక్కడి సబర్బ్‌లు, పల్లెలు కౌంటీ కింద కలిసి గ్రాంటు తీసుకునేవి. 2000 నుంచి 2006 వరకు 5 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఏటా కౌంటీ "ఫెయిర్ హౌసింగ్ కోసం పాటుపడుతున్నాం" అని సంతకం పెట్టింది, జాతి కారణంగా ఉన్న అడ్డంకులను మాత్రం పరిశీలించలేదు. ఒక సంస్థ 2006లో కేసు వేసింది. అవి తప్పుడు హామీలని 2009 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో కౌంటీ 6.25 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది. అందులో 5.16 కోట్లు, తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో 750 అందుబాటు ధర ఇళ్లు కట్టించడానికి. తీసుకున్నదానికన్నా ఎక్కువే కట్టాల్సి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే, పథకం మొదలైన మరుసటి ఏడాదే, 1975లో, కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ నగరం కోర్టుకెక్కింది. చుట్టూ ఉన్న ఏడు సబర్బ్‌లు పేదలకు ఇళ్ల అవసరం ఎంతో సరిగ్గా చెప్పకుండానే డబ్బు తీసుకుంటున్నాయని నగరం వాదన. 1976లో జిల్లా కోర్టు ఆ డబ్బు ఆపింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు, కేసు వేసే అర్హత నగరానికి లేదని కొట్టేసింది. కేసు పోయినా ప్రశ్న పోలేదు. మన ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు వస్తుందంటే "ఇళ్ల ధరలు పడిపోతాయి" అని పిటిషన్లు పట్టుకు తిరిగేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. అలాంటి పిటిషన్‌కు తలవంచి జోనింగ్ (ఎక్కడ ఏం కట్టవచ్చో చెప్పే నిబంధనలు) బిగించిన కౌన్సిలే మరుసటి నెల ఈ ఒప్పందం మీద సంతకం పెడితే, ఆ సంతకం నిజాయితీగా ఉండదు. ఈ మాట మొహమాటం లేకుండా సమావేశంలోనే చెప్పండి.

నాలుగో అడుగు: పంపకం గురించి ముందే మాట్లాడుకోండి

మీ ఊరు చేరగానే మీ జనాభా, మీ పేదరికం అంకెలు కౌంటీ ఫార్ములాలో కలుస్తాయి, కౌంటీ గ్రాంటు పెరుగుతుంది. కానీ పెరిగినంత మేర మీకే ఇవ్వాలన్న రూలు లేదు. కొన్ని కౌంటీలు ఏటా పోటీ పెడతాయి. కొన్ని ఊళ్లవారీగా వంతులు వేస్తాయి, ఈ ఏడాది మీరు, వచ్చే ఏడాది వాళ్లు. కొన్ని అందరికీ తలా కొంత పంచుతాయి.

నా అనుభవంలో చిన్న ఊళ్లకు వంతుల పద్ధతే మంచిది. తలా 40 వేల డాలర్లు పంచితే అది ఏ పనికీ సరిపోదు. డిజైనుకు, పర్యావరణ కాగితాలకు, టెండరుకే సగం పోతుంది. నాలుగేళ్లకోసారి పెద్ద మొత్తం వస్తే ఒక వీధి మొత్తం బాగుపడుతుంది. పోటీ పద్ధతిలో దరఖాస్తు బాగా రాయగలిగే సిబ్బంది ఉన్న ఊరే గెలుస్తుంది, అవసరం ఎక్కువున్న ఊరు కాదు. పోటీయే ఉంటుందని కౌంటీ పట్టుబడితే, నాలుగైదు ఊళ్లు కలిసి ఒక ఉమ్మడి గ్రాంటు ఉద్యోగిని పెట్టుకోండి.

ఐదో అడుగు: సరైన పనిని ఎంచుకోండి

ప్రతి పనీ మూడు జాతీయ లక్ష్యాల్లో ఒకదానికి సరిపోవాలి: తక్కువ, ఒక మోస్తరు ఆదాయం వాళ్లకు మేలు, శిథిలావస్థను తొలగించడం, తక్షణ అవసరం. ఆచరణలో మొదటిదే ముఖ్యం, మొత్తం ఖర్చులో కనీసం 70 శాతం దానికే పోవాలి. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్న కుటుంబాలు ఈ లెక్కలోకి వస్తాయి. ఈ గీత కుటుంబంలోని మనుషుల సంఖ్యను బట్టి మారుతుంది.

రోడ్డు, డ్రైనేజీ, పార్కు లాంటి పనైతే అది ఉపయోగపడే ప్రాంతంలో మామూలుగా 51 శాతం మంది ఆ ఆదాయం వాళ్లు ఉండాలి. సబర్బ్‌లలో ఇక్కడే చిక్కు. జనాభా లెక్కల కోసం ఊరిని విడగొట్టే చిన్న భాగాన్ని బ్లాక్ గ్రూప్ అంటారు. అందులో ఒకవైపు మొబైల్ హోం పార్కు, ఇంకోవైపు కొత్త సబ్‌డివిజన్ కలిసిపోయి ఉంటాయి. మేం చూసిన ఒకచోట అంకె 38 శాతం అని వచ్చింది. వాన పడితే నీళ్లు నిలిచేది మాత్రం మొబైల్ హోం పార్కు వైపు మాత్రమే.

అలాంటప్పుడు ఇంటింటి సర్వే చేయవచ్చు, హడ్ దానికి పద్ధతి చెబుతుంది. మేం నలుగురం శని, ఆదివారాల్లో 64 ఇళ్లకు తిరిగాం. "మీ జీతం ఎంత?" అని అడిగితే ఎవరు చెబుతారు? కుటుంబంలో ఎంతమంది ఉంటే ఎంత ఆదాయం అన్న గీత ఒక కార్డు మీద ఇంగ్లీషులో, స్పానిష్‌లో అచ్చు వేయించుకున్నాం. ఇంటివాళ్లు మనుషుల సంఖ్య చెప్పి, గీతకు పైనా కిందా అన్నది వేలితో చూపిస్తే చాలు. ఒకావిడ తలుపు సగమే తీసి, ఒక చేత్తో చంటిబిడ్డను పట్టుకుని, రెండో చేత్తో కార్డు కింది భాగాన్ని చూపించింది. తర్వాత మెట్టు పక్కన నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద మరకను కూడా చూపించింది. మరక మోకాలి దాకా ఉంది. లెక్క తేలాక 57 శాతం వచ్చింది, డ్రైనేజీ పనికి అర్హత దొరికింది. ఒక్క జాగ్రత్త: పని ఎవరికి ఉపయోగపడుతుందో ఆ హద్దు నిజాయితీగా గీయాలి. పేద ఇళ్లను మాత్రమే ఏరి గీత గీస్తే సర్వే చెల్లదు.

రెండో దారి, కొన్ని వర్గాలను హడ్ ముందుగానే తక్కువ ఆదాయం వాళ్లుగా భావిస్తుంది. వృద్ధులు, తీవ్ర వైకల్యం ఉన్న పెద్దవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, గృహహింస బాధితులు, వలస వ్యవసాయ కూలీలు ఇందులో ఉంటారు. అందుకే కలిగిన సబర్బ్‌లో కూడా వీల్‌చెయిర్ ర్యాంపులకు, సీనియర్ సెంటర్‌కు ఈ డబ్బు దొరుకుతుంది. లైబ్రరీ దగ్గరి గట్టు పోయింది ఈ దారిలోనే.

కుదరనివీ తెలుసుకోండి. సిటీ హాల్ కట్టడానికి రాదు. గుంతలు పూడ్చడం నిర్వహణ ఖర్చు, దానికి రాదు. రోడ్డు తవ్వి మళ్లీ వేయడానికి వస్తుంది. బస్సు సర్వీసు, పిల్లల సంరక్షణ, ఉద్యోగ శిక్షణ లాంటి సేవలకు గ్రాంటులో 15 శాతం, ప్లానింగ్, పరిపాలనకు 20 శాతం మించకూడదు. గుడి, చర్చి, మసీదు నడిపే సంస్థలు కూడా అడగవచ్చు, అయితే మతపరమైన కార్యక్రమాలకు ఈ డబ్బు వాడకూడదు. మన గుడి వంటశాలలో అందరికీ భోజనం పెట్టే కార్యక్రమం ఉంటే దాని మీద మాట్లాడి చూడండి.

ఆరో అడుగు: హియరింగ్‌కు మనుషుల్ని తీసుకెళ్లండి

కౌంటీ మూడు నుంచి ఐదేళ్ల ఉమ్మడి ప్రణాళిక, దాని కింద ఆ ఏడాది డబ్బు దేనికి ఖర్చు చేస్తారో చెప్పే యాక్షన్ ప్లాన్ ఏటా ఒకటి రాస్తుంది. ముసాయిదా మీద 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలి, ఏడాదికి కనీసం రెండు పబ్లిక్ హియరింగ్‌లు పెట్టాలి. మాట్లాడటానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు, అక్కడ నివసిస్తే చాలు. ఇంగ్లీషు రానివాళ్లు గణనీయంగా వచ్చే అవకాశం ఉంటే వాళ్ల అవసరం ఎలా తీరుస్తారో కౌంటీ ముందే రాసిపెట్టాలి, కాబట్టి తెలుగు దుబాసీ కావాలని ముందుగా అడగవచ్చు.

నేను వెళ్లిన మొదటి హియరింగ్‌లో నలభై కుర్చీలుంటే మనుషులం ఐదుగురం, అందులో ముగ్గురు కౌంటీ ఉద్యోగులే. మరుసటి ఏడాది మా వీధి పిన్నిగారిని తీసుకెళ్లాను. మనవడిని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మైకు ముందు తెలుగులోనే అంది: "సీనియర్ సెంటర్ మైలున్నర దూరం నాయనా. అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి అది మూసేస్తారు. ఒక్క బస్సుంటే నాకు పగలు నలుగురితో మాట్లాడే దారి ఉంటుంది." నేను ఇంగ్లీషులో చెప్పాను. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని ప్రణాళికకు జతచేయాలి, ఒప్పుకోకపోతే ఎందుకో రాయాలి. అదే రూలు. పిన్నిగారి మాట అచ్చులోకి ఎక్కింది. రెండేళ్ల తర్వాత సేవల 15 శాతంలోంచి మూడు ఊళ్లకు కలిపి వారానికి నాలుగు రోజులు ఒక వ్యాను వచ్చింది. ఒక్క ఊరు అడిగి ఉంటే ఆ వ్యాను వచ్చేది కాదు, డ్రైవర్ జీతానికే సరిపోయేది కాదు.

ఏడో అడుగు: డబ్బు వచ్చాక తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి

గ్రాంటు చేజారిపోయే ప్రమాదం ఉన్నది పర్యావరణ సమీక్ష దగ్గర. అది పూర్తై అనుమతి వచ్చేదాకా కాంట్రాక్టు మీద సంతకం పెట్టకూడదు, స్థలం కొనకూడదు. మా పక్క ఊరు ఒకటి వానాకాలం వచ్చేస్తోందని కాంట్రాక్టర్‌తో పదకొండు రోజులు ముందు సంతకం పెట్టింది. కంగారుతో, మంచి ఉద్దేశంతోనే. ఆ పనికి గ్రాంటు మొత్తం పోయింది, ఊరు సొంత డబ్బుతో కట్టుకుంది. కాబట్టి సిటీ ఇంజినీరుకు, కౌన్సిల్‌కు, కొనుగోళ్లు చూసే ఉద్యోగికి ముగ్గురికీ ఈ రూలు రాతపూర్వకంగా ఇవ్వండి.

2 వేల డాలర్లు దాటిన నిర్మాణ కాంట్రాక్టుల్లో డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ప్రభుత్వం చెప్పిన కూలీ ఇవ్వాలి, వారం వారం జీతాల పట్టీ తీసుకోవాలి. ఎనిమిది కన్నా తక్కువ ఇళ్లున్న భవనాల మరమ్మతుకు ఇది వర్తించదు. ఇనుము, స్టీలు వంటివి అమెరికాలో తయారైనవే వాడాలన్న నిబంధన కూడా ఇప్పుడు ఉంది, టెండరు పత్రంలోనే రాయండి.

ఇంకోవైపు గడియారం నడుస్తూనే ఉంటుంది. కౌంటీ ప్రోగ్రాం ఏడాది ముగియడానికి 60 రోజుల ముందు హడ్ చూస్తుంది: ఖర్చు కాని డబ్బు ఒక ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లు మించి ఉండకూడదు. ఒక ఊరు పని నాన్చితే లెక్క కౌంటీ మొత్తానికి చెడుతుంది. అందుకే "ఫలానా తేదీకి టెండరు పిలవకపోతే ఆ డబ్బు సిద్ధంగా ఉన్న ఇంకో ఊరి పనికి మారుతుంది" అన్న నియమం ముందే రాసుకోండి. ఇది శిక్షలా కనిపిస్తుంది కానీ డబ్బు వాషింగ్టన్‌కు తిరిగిపోవడం కన్నా పక్క ఊరి పిల్లలకు ఫుట్‌పాత్ రావడం నయం కదా.

ఈ వారంలో చేయగలిగినవి

కౌంటీ వెబ్‌సైట్‌లో యాక్షన్ ప్లాన్ తెరిచి, మీ ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో వెతకండి. సిటీ క్లర్క్‌కు ఈమెయిల్ పెట్టి కోఆపరేషన్ అగ్రిమెంట్ కాపీ అడగండి, అది పబ్లిక్ రికార్డే. పక్క ఊరి కౌన్సిల్‌లో తెలిసినవాళ్లు ఉంటే కాఫీకి పిలవండి. వచ్చేటప్పుడు వాళ్ల ఊళ్లో వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ మలుపు దగ్గర ర్యాంపు లేదో ఒక కాగితం మీద రాసుకుని రమ్మనండి. మీ కాగితం మీరూ తీసుకెళ్లండి. రెండు కాగితాల్లోనూ ఉన్న మొదటి పనితో మొదలుపెట్టండి.